పేగు కాదమ్మా

నాకు నలభై ఆరో ఏట గర్భసంచి తీసేశారు. లోపల గడ్డలున్నాయనీ, ఇక మందులతో నెట్టుకురావడం కుదరదనీ చెప్పారు. బొడ్డు కింద నుంచి నిలువుగా జానెడు కోత. ఆపరేషను బాగానే జరిగింది గానీ, వారం తర్వాత కుట్లలో చీము పట్టింది. మూడు వారాలపాటు రోజూ పొద్దున చింతాద్రిపేటలోని మా ఇంటి నుంచి ఆటోలో వెళ్ళి కట్టు మార్పించుకుని వచ్చేదాన్ని. అప్పటికి అమ్మ బాగానే తిరుగుతోంది. ఆటోలో నా పక్కన కూర్చుని, రోడ్డు మీద గుంత కనిపించినప్పుడల్లా తన అరచేతిని నా కడుపుకు అడ్డం పెట్టేది. అలా పెడితే కుదుపు తగలదని ఆమె నమ్మకం.

మాది ఈ తమిళుల ఊళ్ళో ఎన్ని తరాల నుంచో ఉంటున్న తెలుగు కుటుంబం. ఆ తెలుగే నాకు అన్నం పెట్టింది. సౌకార్‌పేటలో పెళ్ళిపత్రికలు అచ్చువేసే టోకు దుకాణం ఒకటుంది. తెలుగు పత్రికల మేటరు కంప్యూటరులో కొట్టి, తప్పులు దిద్ది, అచ్చుకు పంపే పని నాది. ఇరవై రెండేళ్ళుగా అదే పని. నాకు పెళ్ళి కాలేదు. చెప్పుకోదగ్గ కారణమేమీ లేదు. నాన్న పోయాక సంబంధాలు చూడడానికి అన్న ఒక్కడే మిగిలాడు. వాడు చూస్తూనే ఉన్నాడు, నాకు ఏళ్ళు మీదపడుతూనే ఉన్నాయి. ఆ తర్వాత వాడూ పోయాడు. ఇంట్లో అమ్మా నేనూ మిగిలాం.

గాయం మానింది. ఏడాది తిరక్కుండానే ఒకరోజు దుకాణంలో తుమ్మినప్పుడు కోత పెట్టినచోట ఏదో ఎగదన్నినట్టయింది. చీర మీదుగానే తడిమి చూసుకున్నాను. నిమ్మకాయంత ఉబ్బు. ఇంటికి వచ్చి పడుకుంటే లోపలికి పోయింది, లేచి నిలబడితే మళ్ళీ వచ్చింది. మా వీధి చివరి డాక్టరు చేత్తో నొక్కి చూసి వెంటనే చెప్పాడు.

"హెర్నియా అమ్మా. చీము పట్టిందన్నారు కదా, లోపల గోడ సరిగ్గా అతుక్కోలేదు. ఆ సందులోంచి పేగు తోసుకొస్తోంది. ఇప్పటికి భయమేమీ లేదు. బెల్టు పెట్టుకోండి, బరువులెత్తకండి. పెరిగితే అప్పుడు ఆపరేషను చూద్దాం."

ఆయన ఆ మాటన్న నాలుగు నెలలకు అమ్మకు పక్షవాతం వచ్చింది.

బరువులంటే ఆయన ఉద్దేశంలో బియ్యం మూటలో, నీళ్ళ బిందెలో అయివుంటాయి. అమ్మ సన్నటి మనిషే. కానీ కుడివైపు మొత్తం పడిపోయింది. మంచం మీద నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాల గదికి, మళ్ళీ మంచం మీదికి ఎత్తాల్సింది నేనే. పగలు కనిపెట్టుకుని ఉండడానికి ఒకామెను పెట్టుకున్నాను. ఆమె కూడా వయసు మళ్ళినదే, తిండి పెట్టేది, పక్కన కూర్చునేది, అంతవరకే. పొద్దున పనికి పోయేముందు, సాయంత్రం తిరిగొచ్చాక అమ్మను ఎత్తేదాన్ని. ఎత్తిన ప్రతిసారీ కడుపులో ఏదో పక్కకు జారినట్టు తెలిసేది. అమ్మకు మాట సరిగ్గా వచ్చేది కాదు. నేను వంగి ఆమె చంకల కింద చేతులు పెట్టగానే, ఎడమ చేత్తో నా కడుపు తడిమి బెల్టు ఉందో లేదో చూసేది. లేకపోతే "ఊఁ ఊఁ" అంటూ తల అడ్డంగా ఊపేది. పెట్టుకుని వచ్చేదాకా ఎత్తనిచ్చేది కాదు. పని అయ్యాక ఆ ఉబ్బు లోపలికి పోవడానికి నేను ఆమె మంచం పక్కనే నేల మీద వెల్లకిలా పడుకునేదాన్ని. ఇద్దరం చాలాసేపు పైకప్పు చూస్తూ ఉండేవాళ్ళం.

అలా పది నెలలు గడిచాక అమ్మ పోయింది. నిమ్మకాయంతది అప్పటికి బత్తాయంత అయింది.

ఆ తర్వాత ఇంటికి వస్తే తాళం నేనే తీసుకోవాలి, లైటు నేనే వేసుకోవాలి. దానికి అలవాటు పడ్డాను. మా వీధిలో అందరూ తెలిసినవాళ్ళే, కనిపిస్తే పలకరిస్తారు. ఏం కూర వండానో అడుగుతారు గానీ ఎవరూ గడప దాటి లోపలికి రారు. నేనూ పిలవలేదు.

అమ్మ పోయిన ఏడాదికి కాబోలు, కొత్త ఇబ్బంది మొదలైంది. పొద్దున లేచేసరికి ఆ ఉబ్బు బిగిసి, గట్టిగా ఉండేది. మూత్రానికి వెళ్ళి వస్తే మెత్తబడేది. వెళ్ళొచ్చినా పూర్తిగా అయిన తృప్తి ఉండేది కాదు. ఒకరోజు అక్కడ కూర్చునే, నొప్పిగా ఉందని అరచేత్తో ఉబ్బును అదిమాను. ఆగిపోయిందనుకున్న మూత్రం మళ్ళీ వచ్చింది. నాకు భయం వేసింది. ఇంకోసారి అదిమాను, ఇంకొంచెం వచ్చింది. ఆ రోజు నుంచి అదే నా పద్ధతి అయిపోయింది. వెళ్ళడం, ఆగడం, అదమడం, మళ్ళీ ఆగడం, మళ్ళీ అదమడం. ఒక్కోసారికి పది నిమిషాలు పట్టేది. ఎప్పుడైనా అదమకుండా వచ్చేస్తే, పదడుగులు వేసేలోపే చీర తడిసేది.

ఇది ఎవరికి చెప్పాలి? ఇలాంటివి ఆడవాళ్ళు తల్లికి చెప్పుకుంటారు, అక్కకు చెప్పుకుంటారు, మొగుడికి చెప్పుకుంటారు. వీధి చివరి డాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను కూడా. ఆయన "ఎలా ఉంది?" అని అడిగితే "అలాగే ఉంది" అన్నాను. మగ డాక్టరు ముందు ఆ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. గర్భసంచి తీసేస్తే ఇలాగే ఉంటుంది కాబోలు, వయసు కాబోలు అనుకున్నాను.

దుకాణంలో మరుగుదొడ్డి మూడో అంతస్తులో ఉంది. మూడు దుకాణాలకు అదొక్కటే. దాని గడియ పడదు. ఒక చేత్తో తలుపు పట్టుకుని, ఇంకో చేత్తో కడుపు అదుముకుంటూ పది నిమిషాలు కూర్చోవడం ఎంత కష్టమో చెప్పలేను. ఎవరో ఒకరు మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టేవాళ్ళు. అందుకని నీళ్ళు తాగడం మానేశాను. పొద్దున బయలుదేరేముందు సగం గ్లాసు కాఫీ, అంతే. మళ్ళీ సాయంత్రం ఇంటికి వచ్చాకే నీళ్ళు. నా పక్క బల్ల దగ్గర పత్రికలను కవర్లలో పెట్టే తమిళామె ఒకతె ఉంది. నాకంటే పదేళ్ళు చిన్నది. నన్ను అక్కా అంటుంది. తన సీసా నా వైపు జరిపి, "ఎన్నక్కా, తణ్ణియే కుడిక్క మాట్టేంగిరీంగ?" అనేది. నీళ్ళే తాగవేంటక్కా అని. నేను నవ్వి సీసాను మళ్ళీ ఆమె వైపు జరిపేదాన్ని.

మాధవరంలో మా వదిన ఉంటుంది, పోయిన మా అన్న భార్య. కూతురూ అల్లుళ్ళ దగ్గర ఉంటోంది. నాకు మిగిలిన దగ్గర మనుషులంటే వాళ్ళే. అమ్మ పోయిన రెండో ఏడు, వదిన మనవరాలికి చెవులు కుట్టే వేడుక పెట్టుకున్నారు. చిన్న మండపం, నూరుమందికి భోజనాలు. పత్రిక నేనే కొట్టి ఇచ్చాను. పిల్ల తల్లికి మేనత్తను, నేను పోకపోతే బాగుండదు. పట్టుచీర కట్టుకుని బస్సెక్కాను.

బస్సులో గంట దాటింది. మండపం దగ్గర దిగగానే మరుగుదొడ్డికి వెళ్ళాను. బయట ఆడవాళ్ళు వరుసలో ఉన్నారు. రెండుసార్లు అదిమానో లేదో తలుపు కొట్టారు. "లోపల ఎవరు? పాపకు అర్జెంటు" అన్నారు. చీర సర్దుకుని వచ్చేశాను. ముందు వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. చెవులు కుట్టడం అయిపోయింది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఎవరి దగ్గరా ఊరుకోవడం లేదని మా మేనకోడలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఆ పిల్ల కాళ్ళు తన్నుకుంటూ నా కడుపు మీదికి ఎగబాకింది. నేను దాన్ని ఎత్తి పట్టుకునేలోపే కింద వెచ్చగా తడిసిపోయింది.

ఎవరూ చూడలేదనుకున్నాను. చీర ముదురు రంగుది. పిల్లను పక్కావిడకు అందించి కదలకుండా కూర్చున్నాను. భోజనాలకు పిలిచారు, వరుస మొత్తం లేచింది. అందరూ పోయాక లేచి, కుర్చీ మీద నా చేతిగుడ్డ పరిచి, కొంగు వెనక్కి లాక్కుని, పక్క తలుపులోంచి బయటపడ్డాను. ఎవరితోనూ చెప్పలేదు. ఆటోలో చింతాద్రిపేట వరకూ సీటు అంచున కూర్చుని వచ్చాను.

ఆ సాయంత్రం వదిన ఫోను చేసింది. తీయలేదు. మర్నాడు మళ్ళీ చేసింది.

"ఏందమ్మాయ్, భోంచేయకుండా పోయినావే?"

"తలనొప్పి వదినా."

"చెప్పి పోవచ్చు గదా."

"అంత జనంలో ఎక్కడ వెతకను?"

ఆమె "సరేలే" అని పెట్టేసింది. నాకు యాభై దాటినా వదినకు నేను 'అమ్మాయే'. ఆ పిలుపు ఆ తర్వాత చాలా కాలం వినలేదు. ఆమె పండగలకు ఫోను చేస్తే నేను రెండు మాటల్లో ముగించేదాన్ని. రమ్మంటే పనుందనేదాన్ని. కొన్నాళ్ళకు ఆమె రమ్మనడం మానేసింది. నాకు కోపం వచ్చిందని వాళ్ళనుకుంటున్నారని తెలుసు. అలా అనుకోవడమే మేలనిపించింది.

పెళ్ళిళ్ళూ అంతే. దుకాణంలో రోజూ "సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి" అని కొట్టేదాన్ని. నన్ను పిలిచిన పెళ్ళిళ్ళకు మాత్రం ఒక్కదానికీ వెళ్ళలేదు. సినిమాకు పోలేదు, గుడికి పోలేదు. ఎక్కడికి వెళ్ళాలన్నా ముందు అక్కడి మరుగుదొడ్డికి గడియ ఉంటుందా, ఎవరైనా తలుపు కొడతారా అన్నదే ఆలోచన. అలా ఆలోచించి ఆలోచించి ఇంట్లోనే ఉండిపోయేదాన్ని. ఆదివారం మొత్తం నోరు తెరవకుండా గడిచిపోయిన సందర్భాలున్నాయి. సోమవారం దుకాణంలో మొదటి మాట మాట్లాడితే గొంతు బొంగురుగా వచ్చేది.

నిరుడు ఆషాఢంలో, పెళ్ళిళ్ళు లేక దుకాణం ఖాళీగా ఉన్న రోజుల్లో, కంప్యూటరు ముందు కూర్చున్నదాన్ని చలితో వణకడం మొదలుపెట్టాను. బయట ఎండ మండిపోతోంది. తమిళామె నా నుదురు ముట్టుకుని కేక పెట్టింది. అలాంటి జ్వరం అంతకుముందు ఆరు నెలల్లో రెండుసార్లు వచ్చి మాత్రలతో తగ్గింది. ఈసారి తగ్గలేదు. మర్నాడు పొద్దున ఒక్కదాన్నే సర్కారు ఆసుపత్రికి వెళ్ళాను.

అక్కడ నన్ను చూసింది ఒక చిన్న వయసు డాక్టరు. ముప్ఫై కూడా ఉండవు. తమిళంలో అడుగుతోంది, తమిళంలో చెబుతున్నాను. బల్ల మీద పడుకోబెట్టి కడుపు నొక్కగానే "అమ్మా" అన్నాను. ఆ అరుపుతో పాటు ఇంకో తెలుగు మాటేదో కూడా వచ్చినట్టుంది. ఆమె చెయ్యి ఆపింది.

"మీరు తెలుగా? మాది చిత్తూరు" అంది. ఆ తర్వాత అంతా తెలుగులోనే. జ్వరం ఎన్నాళ్ళనుంచి, మంట ఉందా, వాంతులున్నాయా అని అడిగింది. ఉబ్బు మీద చెయ్యి వేసి కాసేపు ఉంచింది. తర్వాత తలుపు వైపు చూసి, తెర లాగి, గొంతు తగ్గించింది.

"అమ్మా, ఒకటడుగుతాను. ఒంటికి పోయేటప్పుడు దీన్ని ఒత్తుకుంటారా?"

నేను తెర వైపు చూశాను.

"ఒత్తితే మళ్ళీ వస్తాదా?"

తల ఊపాను. ఆ ప్రశ్న కోసం నేను ఎదురుచూస్తున్నట్టు నాకే తెలియదు. కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఆమె దూది ముక్క తీసి నా చేతిలో పెట్టింది.

"ఎన్నాళ్ళుగా?"

"మూడేళ్ళు దాటింది."

"ఎవురికీ చెప్పలేదా?"

"ఎవరూ అడగలేదమ్మా" అన్నాను. అది నిజమూ కాదు, అబద్ధమూ కాదు.

స్కానింగుకు పంపారు. లీటరు నీళ్ళు తాగి ఆపుకుని ఉండమన్నారు. అన్ని నీళ్ళు ఒకేసారి తాగి ఏళ్ళయింది. వరండాలో బెంచీ మీద కూర్చుని గుక్క గుక్కగా తాగాను. ఉబ్బు బిగిసి రాయిలా అయింది. స్కాను చేసే ఆయన దాని మీద చల్లటి జెల్లు రాసి, చేతిలో పరికరాన్ని అటూ ఇటూ కదిపి, కాసేపు తెర వంక చూస్తూ ఉండిపోయాడు. వెళ్ళి మూత్రం పోసి రమ్మన్నాడు. వచ్చాక మళ్ళీ చూశాడు. ఇంకొకాయన్ను పిలిచి చూపించాడు. వాళ్ళు మెల్లగా మాట్లాడుకున్నారు గానీ నాతో ఏమీ అనలేదు. మందు ఎక్కించి సీటీ స్కానూ తీశారు.

ఫలితం చెప్పడానికి ఆ చిత్తూరు డాక్టరే వార్డుకు వచ్చింది. మంచం అంచున కూర్చుని, పాత రిపోర్టు వెనకవైపు పెన్నుతో ఒక సంచి బొమ్మ గీసింది.

"పేగు కాదమ్మా. ఇన్నాళ్ళూ అందరూ పేగనుకున్నారు గదా, అది మీ మూత్రాశయం. ఇదో, ఈ సంచి ఈడ, కింద ఎముక ఎనక ఉండాల. మీ పాత కోత దగ్గర గోడ పలచబడి కంత పడింది. దాంట్లోంచి సంచిలో సగం ముందుకొచ్చి తోలు కింద కూసోనుంది. మీరు పోసేటప్పుడు లోపలి సగం ఖాళీ అవుతాది, బయట సగం కాదు. అందుకే ఒత్తుకోవాల్సి వస్తాండాది. నిలవుండే దాంట్లో క్రిములు పడి ఈ జ్వరాలు."

"గర్భసంచి తీసినందుకు కాదా?"

"ఆ కోత మానకపోయినందుకు. మామూలుగా పేగే వస్తాది, లేదంటే కొవ్వు. మూత్రాశయం రావడం చానా అరుదు. నేను పుస్తకంలో చదివినా గానీ చూడడం ఇదే మొదలు."

నేను ఆ బొమ్మను చూస్తూ ఉండిపోయాను. సిగ్గుపడి దాచుకున్నదానికి ఒక బొమ్మ ఉందనీ, దాని గురించి పుస్తకాల్లో రాశారనీ నాకు అంతవరకు తోచలేదు.

అరుదైనది కాబట్టి అందరూ చూడడానికి వచ్చారు. పెద్ద డాక్టరు విద్యార్థులను వెంటబెట్టుకుని వచ్చేవాడు. దగ్గమనేవాళ్ళు, దగ్గేదాన్ని. లేచి నిలబడమనేవాళ్ళు. ఒక్కొక్కరే చెయ్యి పెట్టి నొక్కేవాళ్ళు. ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్ళు. ఒకమ్మాయి మాత్రం ముందు తన అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకుని ముట్టుకుంది. ఆ వారంలో నన్ను తాకినంతమంది, అమ్మ పోయాక అన్నేళ్ళలో తాకలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక వార్డు మరీ ఖాళీగా అనిపించేది. పక్క మంచాల చుట్టూ మనుషులుండేవాళ్ళు. నా మంచం పక్కన స్టూలు మీద నా చేతిసంచి ఉండేది. ఎవరో ఒకరు వచ్చి, "ఈ స్టూలు తీసుకోవచ్చా?" అని అడిగి తీసుకుపోయేవాళ్ళు.

జ్వరం తగ్గాక ఆపరేషనుకు రోజు ఇచ్చారు. నర్సు కాగితాలు తెచ్చింది.

"కూడా ఎవరున్నారు? వాళ్ళ సంతకం కావాలి. ఆపరేషను రోజు ఒకరు ఇక్కడ ఉండాలి" అంది తమిళంలో.

"మా వదిన వస్తుంది" అన్నాను. వదినకు నేను ఆసుపత్రిలో ఉన్నట్టే తెలియదు.

వరండాలోకి వెళ్ళి ఫోను చేతిలో పట్టుకుని అరగంట కూర్చున్నాను. చివరికి చేశాను. మేనకోడలు తీసింది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడేటప్పుడు తమిళంలోకి జారిపోతుంది.

"అత్తా! ఎప్పడి ఇరుక్కీంగ, ఎలా ఉన్నారు? ఎంత కాలమైంది. ఇరుంగ, ఒక్క నిమిషం, అమ్మకు ఇస్తా."

వదిన గొంతు వచ్చింది. "ఎవురూ?"

"నేను వదినా."

"యాడుండావు?" అంది.

"ఆసుపత్రిలో. ఆపరేషను చెయ్యాలంటున్నారు. ఎవరైనా ఒకరు కూడా ఉండాలట."

ఎందుకనీ, ఏమైందనీ అడగలేదు. "ఏ ఆసుపత్రి? ఏ వార్డు?" అంది. చెప్పాను. "వస్తాండా" అని పెట్టేసింది.

రెండు గంటలు కాకుండానే వచ్చింది. భుజాన వైరు బుట్ట, చంకలో దిండు. బుట్టలోంచి పళ్ళెం, గ్లాసు, ఫ్లాస్కు, దువ్వెన, రెండు పాత చీరలు తీసి నా మంచం పక్క అలమరలో పెట్టింది. ఎవరో తీసుకుపోయిన స్టూలు వెతికి తెచ్చుకుని కూర్చుంది. కాగితం మీద తన పేరు తెలుగులో రాసింది. జుట్టు బాగా నెరిసింది. నడిచేటప్పుడు మోకాలు పట్టుకుంటోంది. ఈ రెండేళ్ళలో ఆమెకు మోకాళ్ళనొప్పులు వచ్చిన సంగతి కూడా నాకు తెలియదు.

ఆపరేషను మూడు గంటలు పట్టింది. సంచి పాత కుట్ల మచ్చకు అతుక్కుపోయిందట. మెల్లగా విడదీసి, దాని చోట దాన్ని పెట్టి, కంత మూసి, దాని మీద వలలాంటిది వేసి కుట్టారట. మూత్రం పోవడానికి గొట్టం వేసి, సంచి మంచానికి తగిలించారు. కొన్నాళ్ళు ఆ గొట్టం ఉండాల్సిందే అన్నారు.

రెండో రోజు మధ్యాహ్నం వదిన నా తల దువ్వుతోంది. మంచానికి వేలాడుతున్న ఆ సంచిని ఆమె చూస్తూ ఉండగా నాకు ఉండబట్టలేదు.

"వదినా, ఆ రోజు చెవులు కుట్టించినప్పుడు నేను కోపంతో పోలేదు."

"తెలుసులే."

"కుర్చీలో..."

"తెలుసంటా. నీ చేతిగుడ్డ తీసి నేనే చూసినా. కుర్చీని మండపం ఎనక కుళాయి దగ్గరికి తీసకపోయి నేనే కడిగినా. ఎవురికీ తెలియదు. నీ మేనకోడలికి కూడా."

దువ్వెన నడుస్తూనే ఉంది. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మరి అడగలేదే?"

"నువ్వే చెప్తావని చూసినా. నువ్వు తలనొప్పంటివి. దాచిపెట్టుకున్నదాన్ని నేనెట్ల లాగేది? సిగ్గుపడతావేమో, ఇంకా దూరం పోతావేమో అని ఊరుకుంటి. ఊరుకుంటే కూడా దూరమే పోతివి."

నాకు ఆమె మీద కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. ఒక్క మాట అడిగివుంటే రెండేళ్ళు మిగిలేవి కదా అనిపించింది. నేనే ఒక్క మాట చెప్పివున్నా మిగిలేవి. గోడ వైపు తిరగబోయాను, కుట్లు లాగితే తిరగలేకపోయాను.

వదిన జడ అల్లి, చివర రబ్బరు వేసి, ముందుకు వంగి నా చెవి దగ్గర అంది. "నాకు మాత్రం ఏం? కాన్పయినంక, గట్టిగా నవ్వితే పడతాది. తుమ్మితే పడతాది. మీ అన్న ఉన్నప్పుడు ఒకసారి బస్సులో ఏందో జోకు చెప్పినాడు. నేను నవ్వి, ఆ మనిషి పంచ కూడా తడిపినా. ఇంటికొచ్చి ఈ తడి ఎవురిదని నన్నే అడుగుతాడు!"

నవ్వు ఆగలేదు. నవ్వితే కుట్లు తెగిపోతున్నట్టు నొప్పి. వదిన తను తెచ్చిన దిండు తీసి నా కడుపు మీద పెట్టి రెండు చేతులతో అదిమి పట్టుకుంది. "నవ్వొద్దే, నవ్వొద్దే" అంటూ తనూ నవ్వుతోంది. నర్సు వచ్చి ఇద్దరినీ కోప్పడింది.

గొట్టంతోనే ఇంటికి పంపితే, వదిన మా ఇంట్లో పన్నెండు రోజులుంది. గొట్టం తీసేసిన రోజున ఆసుపత్రిలోనే నీళ్ళు తాగించి, మూత్రం పోసి రమ్మన్నారు. లోపలికి పోయి కూర్చున్నాను. అలవాటుగా చెయ్యి కడుపు మీదికి వెళ్ళింది. అక్కడ ఉబ్బు లేదు, చదునుగా ఉంది. చెయ్యి తీసేశాను. ఒక్కసారికే, నా ప్రమేయం లేకుండా, పూర్తిగా అయిపోయింది. బయట వదిన, "ఏమైంది?" అని అడుగుతోంది. "అయింది" అన్నాను. ఎంతసేపటికీ లేచి రాకపోయేసరికి ఇంకోసారి అడిగింది.

ఆ పదమూడో రోజున ఆమె మాధవరం వెళ్ళిపోయింది. వెళ్ళక తప్పదు, అక్కడ మనవరాలు బడికి పోతోంది. ఆ సాయంత్రం ఇంట్లో ఇద్దరికి సరిపడా బియ్యం కడిగి, గుర్తొచ్చి, సగం తీసి పక్కన పెట్టాను. దుకాణానికి మళ్ళీ వెళ్ళేసరికి రెండు నెలలైంది. ఆదివారాలు మాధవరం వెళ్ళడం మొదలుపెట్టాను. గంటన్నర బస్సు ప్రయాణం, కిటికీ పక్క సీటు, చేతిలో నీళ్ళ సీసా. వదిన చేపల పులుసు చేసేది. మనవరాలు నాతో తమిళంలో గొడవపడేది. చీకటి పడకముందే తిరిగొచ్చేదాన్ని. ఆరేడు నెలలు అలా నడిచాయి.

పోయిన నెల అల్లుడికి నెల్లూరులో పని దొరికింది. కుటుంబం మొత్తం వెళ్ళాలి, వదిన కూడా. సామాను లారీలో ముందే పంపేశారు. పొద్దున పదింటి బస్సుకు వాళ్ళను ఎక్కించడానికి మాధవరం బస్టాండుకు వెళ్ళాను. నలుగురం టీ తాగాం. మనవరాలు బిస్కెట్టు సగం కొరికి నాకు పెట్టింది. వదిన నా చెయ్యి పట్టుకుని, "నువ్వూ వచ్చేయరాదా, ఈడ ఎవురుండారు నీకు?" అంది. దుకాణం ఉంది కదా అన్నాను.

ఏసీ బస్సు, అద్దాలు తెరవడానికి లేదు. వదిన కిటికీ పక్కన కూర్చుని అద్దం మీద చెయ్యి ఆనించింది. బస్సు కదులుతుండగా ఏదో చెప్పింది. పెదవులు కదలడం కనిపించింది, మాట వినపడలేదు. విన్నట్టే తల ఊపాను. బస్సు గేటు దాటి మలుపు తిరిగింది. నాకు తొందరేమీ లేదు. అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. తిరుపతి బస్సులు రెండు వెళ్ళాయి. తర్వాత ఫోను చేశాను.

"ఏం చెప్పినావు వదినా, బస్సు కదిలేటప్పుడు?"

"ఎప్పుడు?" అంది. వెనక ఇంజను మోత, మనవరాలి కేకలు. "ఏమో అమ్మాయ్, మర్చిపోయినా. మళ్ళా గుర్తొస్తే చెప్తాలే."

సరేనని ఫోను పెట్టేసి, చింతాద్రిపేట వైపు పోయే బస్సు ఎక్కడ ఆగుతుందో చూసుకుంటూ నడిచాను.